ఊరు ఉందా, పోయిందా?

మా ఊరు 2018లోనే పోయిందని మా చిన్నమ్మ అంటుంది. పోలేదని నేనంటాను. ఈ తగాదా మా ఇంట్లో ఏళ్లుగా నడుస్తోంది, ఇప్పటిదాకా ఇద్దరిలో ఎవరమూ మెత్తబడలేదు. ఆమె బీడీలు చుడుతూ మాట్లాడుతుంది. చెయ్యీ ఆగదు, నోరూ ఆగదు.

"ఊరే ఉంటే ఉపాధి పని ఎందుకు బందైతది కొడుకా? పట్నంల కలిపిన్రు. పట్నపోళ్లకు ఆ పని ఇయ్యరట. పోనీ పట్నపోళ్లమైనమా అంటే మూల మీది మోరి తీసెటోడే లేడు. మరి మేం ఎవలం?"

ఆ ఆఖరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

సిరిసిల్ల చుట్టూ రగుడు, చంద్రంపేట, పెద్దూరు, సర్దాపూర్, ముష్టిపల్లి, చిన్నబోనాల, పెద్దబోనాల మున్సిపాలిటీలో కలిశాయి. అందులో మాది ఏదో రాయను. రాస్తే మిగతా ఊళ్లవాళ్లు మా సంగతేందని అడుగుతారు, అందరి సంగతీ ఒక్కటే గనుక పేరుతో పని లేదు. కలిపిన ఊళ్లు మా వైపే ఉన్నాయనీ కాదు. కరీంనగర్‌లో రేకుర్తి, సీతారాంపూర్, ఆరెపల్లి, తీగలగుట్టపల్లి, అలుగునూరు అట్లాగే కలిశాయి. 2018లో పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయిన కొత్తపల్లి ఏడేళ్లు తిరక్కుండానే 2025లో కరీంనగర్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. మంచిర్యాల పక్కన నస్పూర్ కథా అంతే. 2018లో మున్సిపాలిటీ, 2020 జనవరిలో మొదటి ఎన్నికలు, 2025 జనవరిలో మంచిర్యాల కార్పొరేషన్‌లో విలీనం. 2017లో అక్కడ పుట్టిన పిల్లగాడు ఇల్లు మారకుండానే మూడు రకాల పాలనలో పెరిగాడు.

నేను పంచాయతీ కార్యదర్శిగా కొలువు చేసి రిటైరైనవాణ్ణి. సొంత ఊరు కలిసిన విడతలోనే నేను పనిచేస్తున్న పంచాయతీ కూడా కలిసింది. రికార్డులు అప్పజెప్పింది నేనే. తీర్మానాల పుస్తకం, క్యాష్ బుక్కు, ఇంటిపన్ను డిమాండ్ రిజిస్టరు, జనన మరణాల రిజిస్టరు, వీధి దీపాల స్టాకు, రెండు పారలు, ఒక గోల్ ముద్ర. ముద్ర తీసుకున్న గుమాస్తా దాన్ని ఎక్కడ రాసుకోవాలో తెలియక కాసేపు ఆగి, చివరికి "ఇతర సామాన్లు" కింద రాసుకున్నాడు. ఆ వరుస చూసినప్పుడు నాకు పట్టుకున్న ప్రశ్న ఇప్పటికీ వదల్లేదు. ఆ ముద్రతో నడిచింది ఆఫీసా, ఊరా? ఆఫీసైతే మూసుకుపోవచ్చు, బాధ లేదు. ఊరు మూసుకుపోవడం అనేది అసలు సాధ్యమా?

చట్టాన్ని అడిగితే జవాబు తొందరగానే చెబుతుంది. రాజ్యాంగం 243వ అధికరణంలో గ్రామం అంటే ఏమిటో ఉంది. పంచాయతీల కోసం గవర్నరు బహిరంగ ప్రకటన ద్వారా దేన్ని గ్రామమని చెబుతారో అదే గ్రామం. అంతకుమించి ఏమీ లేదు. చెరువుండాలని లేదు, గుడుండాలని లేదు, వందేళ్ల పాతదై ఉండాలని లేదు. ఇటు 243-క్యూలో పట్టణం సంగతి ఉంది. జనాభా, జనసాంద్రత, ఆదాయం, సేద్యం కాని పనుల్లో ఉన్నవాళ్ల శాతం చూసి గవర్నరు నిర్ణయిస్తారు. ప్రకటనతో పుట్టింది ప్రకటనతో పోవడంలో తప్పేముంది? లెక్క సరిపోయింది.

మా ఊరు కలిసిన ఏడాదే ఇంకో సంగతి జరిగింది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో 4,383 కొత్త పంచాయతీలు పుట్టాయి. అందులో ఎన్నో లంబాడి తండాలు, గోండు గూడేలు. అప్పటిదాకా పక్క ఊరి వార్డుగా బతికిన తండాలో సర్పంచి కుర్చీ పడింది. ఒకే కలం మాకు చావు రాసి వాళ్లకు పుట్టుక రాసింది. మా ఏడుపు చూసి తండావాళ్లు నవ్వితే వాళ్లను తప్పు పట్టలేం. వాళ్ల పుట్టుక నిజమైతే మా చావూ నిజమే కావాలి. చిన్నమ్మ ఈ మాట వింటే చాలు, తాను గెలిచినట్టే అనుకుంటుంది.

అయితే రెవెన్యూ ఆఫీసు వేరే మాట చెబుతుంది. పట్టాదారు పాసుబుక్కు తెరిస్తే గ్రామం అన్నచోట మా ఊరి పేరే ఉంది. సర్వే నంబర్లు మారలేదు. పంచాయతీ పోయినా రెవెన్యూ గ్రామం పోదు. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ లెక్కల్లో మనుషులెవరూ లేని ఊళ్లు కూడా ఉంటాయి. బేచిరాక్ గ్రామాలంటారు. ఎప్పుడో గత్తర తగిలో, నీళ్లు లేకనో జనం లేచిపోయారు. ఇల్లు లేదు, దీపం లేదు, నక్షాలో మాత్రం ఊరు ఉంది, హద్దులున్నాయి. అంటే ఒక ఆఫీసులో మనుషులుండీ ఊరు లేదు, ఇంకో ఆఫీసులో మనుషులు లేకపోయినా ఊరుంది. ఈ రెండు ఆఫీసుల నడుమ ఉన్న దూరం ఒక గోడే.

ఇక మూడో లెక్క ఉంది, దాన్ని ఎవరూ కాగితం మీద రాయరు. అది బొడ్రాయి లెక్క.

కలిసిన తర్వాత కొన్నాళ్లకు మా ఊళ్లో కుర్రాళ్లు బొడ్రాయిని మళ్లీ ప్రతిష్ఠించాలన్నారు. పాతది ఉంది, కానీ సీసీ రోడ్డు మీద రోడ్డు పోసి పోసి మెడదాకా కూరుకుపోయింది. చందా ఇంటికింత అని పెట్టారు. అమ్మవారిని నమ్మేవాళ్లు ఇచ్చారు, నమ్మని కమ్యూనిస్టు మాస్టారు ఇచ్చాడు, దూదేకుల ఇండ్లు ఇచ్చాయి. ఆడబిడ్డలందరికీ పిలుపులు పోయాయి. భీవండిలో సాంచాలు నడిపేవాళ్లు, సూరత్‌లో ఉన్నవాళ్లు, గల్ఫ్ నుంచి సెలవు దొరికినవాళ్లు వచ్చారు. మున్సిపల్ ఎన్నికలప్పుడు కూడా అంతమందిని మా ఊళ్లో చూడలేదు.

మా దిక్కున తెలియనివాళ్లు తక్కువ, అయినా బయటివాళ్ల కోసం చెబుతాను. భూలక్ష్మి, మహాలక్ష్మి, నడుమ బొడ్రాయి. ప్రతిష్ఠ పంతులు చేస్తాడు, మంత్రాలుంటాయి. రాత్రి పని బైండ్లవాళ్లది. బలి ఇచ్చి ఆ రక్తం కలిపిన అన్నాన్ని ఊరి పొలిమేర పొడుగునా చల్లుకుంటూ తిరుగుతారు. దాన్ని పొలి చల్లుడు అంటారు. ఆ తిరుగుడు పూర్తయ్యేదాకా ఊళ్లోకి ఎవరూ రావద్దు, ఊళ్లోంచి ఎవరూ పోవద్దు. తెల్లారినాక ఆడబిడ్డలకు ఒడిబియ్యం పోస్తారు.

పొలి ఎక్కడిదాకా చల్లాలన్న దగ్గర పంచాయితీ మొదలైంది. మున్సిపాలిటీలో కలిశాక మా పొలిమేర ఏది? పాత పొలిమేర మీద ఇప్పుడు వెంచర్లున్నాయి. కాళేశ్వరం నీళ్లొస్తాయన్న మాటకే ధరలు లేచిన ప్లాట్లు అవి. హద్దురాయి ఉన్నచోట ఎవరిదో కాంపౌండు గోడ. ఒకాయన వార్డు మ్యాపు తెచ్చాడు, దాని ప్రకారం తిరుగుదామన్నాడు. బైండ్ల పెద్దాయన ఆ మ్యాపును చూసి కూడా చూడలేదు. తాత నడిచిన బాటనే నడుస్తానన్నాడు. గోడ అడ్డమొచ్చిన చోట గోడ మీద చల్లి ముందుకు పోయాడు.

రెండో పంచాయితీ ఇంకా గట్టిది. వెంచర్లలో ఇల్లు కట్టుకున్నవాళ్లు, కిరాయికున్నవాళ్లు మా ఊరివాళ్లేనా? వాళ్ల దగ్గర చందా తీసుకోవాలా, రాత్రి కట్టడి వాళ్లకు వర్తిస్తుందా? కొందరు ఓటరు లిస్టు చూద్దామన్నారు. కొందరు ముత్తాత కాలం నుంచి ఉండాలన్నారు. పెద్దాయన చెప్పింది ఒక్క ముక్క.

"రాత్రి ఎక్కడ పండుకుంటే అదే ఊరు. ఆ రాత్రి ఇక్కడ నిద్ర చేసెటోల్లంత అమ్మకు మనోల్లే."

నేను చదివిన చట్టాల్లో పౌరసత్వం గురించి ఇంత ఉదారమైన మాట కనబడలేదు. పుట్టుక అడగలేదు, కులం అడగలేదు, కాగితం అడగలేదు. కిరాయి ఇంటి పిల్లలను కూడా ఆ రాత్రి అమ్మ తన కట్టు లోపల ఉంచుకుంది. అప్పుడు అనుకున్నాను, ఊరు పోలేదు, చిన్నమ్మదే తప్పు, గెజిట్‌కు అందని ఊరు ఒకటి ఇక్కడ పదిలంగా ఉంది అని.

మన పెద్దలు ఈ ప్రశ్నను ఇంకో రూపంలో ఎప్పుడో తర్కించారు. మిలిందపన్హ అనే పాలి గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు గ్రీకు రాజు మిలిందుణ్ణి అడుగుతాడు, నువ్వెక్కి వచ్చిన రథం ఏది అని. ఇరుసా, చక్రాలా, నొగలా? ఏదీ కాదు, అన్నీ కలిపినప్పుడు వాడుకకు పెట్టుకున్న పేరే రథం, విడిగా రథమనే పదార్థం లేదు. న్యాయ దర్శనం వాళ్లు, అంటే నైయాయికులు, దీన్ని ఒప్పుకోరు. భాగాలు వేరు, భాగాలన్నిట్లో నిలిచి ఉండే మొత్తం వేరు, ఆ మొత్తం కూడా నిజమైన వస్తువేనని వాళ్ల వాదం. ఈ గొడవ మన నేలకు దూరంది కాదు. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బౌద్ధ స్తూపం శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ దిబ్బ మీద కూర్చుని ఏ భిక్షువో ఏ పల్లెటూరివాడితోనో ఈ వాదమే పెట్టుకుని ఉంటాడని నాకు అనిపిస్తుంది. ఇది ఊహే.

నాగసేనుడి దారిలో పోతే ఊరనేది వట్టి పేరు. ఇండ్లు, పొలాలు, చెరువు, మనుషులు ఉన్నారు, వాటి కూడికను నిన్న ఒక పేరుతో పిలిచాం, నేడు వార్డు నంబరుతో పిలుస్తాం. దుఃఖించడం అజ్ఞానం. ఈ వాదం గట్టిది, ఎదురు చెప్పడం కష్టం. కానీ దాన్ని మిడ్‌మానేరు ఒడ్డుకు తీసుకుపోతే ఇరుకున పడుతుంది.

మన్వాడ దగ్గర కట్టిన ఆ జలాశయంలో కొదురుపాక, చింతల్‌ఠాణా, అనుపురం లాంటి ఊళ్లు మునిగాయి. జనం పునరావాస కాలనీలకు పోయారు. అక్కడ ఇరుసు లేదు, చక్రం లేదు, నొగ లేదు. ఇల్లు కొత్తది, నేల కొత్తది, పక్కింటివాడు కూడా లాటరీలో వచ్చినవాడు. అయినా కమాను మీద పాత పేరే రాసుకున్నారు. మా బంధువుల కాలనీలో ముందు అడిగింది బొడ్రాయి ఎక్కడ పెట్టాలని. భాగాలన్నీ పోయినా మొత్తం మిగిలింది. వరదవెల్లిలో దత్తాత్రేయ స్వామి గుట్ట చుట్టూ నీళ్లొచ్చాయి, ఊరు కదిలిపోయింది, స్వామి అక్కడే ఉన్నాడు, భక్తులు పడవ ఎక్కి పోతారు. మాకు సరిగ్గా తలకిందులు. ఒక్క ఇల్లు కదలలేదు, ఒక్క గుంట భూమి మునగలేదు, పేరు మాత్రం ఆఫీసు బోర్డు మీద పోయింది. వాళ్లకు నేల పోయి ఊరు మిగిలితే, మాకు నేల మిగిలి ఏం పోయినట్టు? దీనికి నైయాయికుడి దగ్గరా జవాబు లేదు, ఎందుకంటే అతను కుండ గురించీ బట్ట గురించీ ఆలోచించాడు. కుండ తనకు తాను నేను కుండనని చెప్పుకోదు. ఊరు చెప్పుకుంటుంది. అందరూ ఒకచోట కూడి, మేము ఫలానా అని చెప్పుకునే అవకాశం ఉన్నంతకాలమే అది ఊరు.

ఆదిలాబాద్ గోండులకు ఇది చాలాకాలంగా తెలుసు. కొత్త గూడెం కట్టుకుంటే ఊరి కావలి దేవుడు ఆకిపేన్‌ను నిలుపుకుంటారు, దేవారి పూజ చేస్తాడు, పట్ల పెద్దరికం చేస్తాడు. కొమురం భీం పోరు తర్వాత నిజాం సర్కారు పంపితే వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఇదంతా వివరంగా రాసిపెట్టాడు. విశేషమేమిటంటే, 1996లో వచ్చిన పెసా చట్టం ఊరికి చెప్పిన అర్థం ఆ గోండుల అర్థానికి దగ్గరగా ఉంది. తమ సంప్రదాయాల ప్రకారం తమ వ్యవహారాలు తామే చక్కబెట్టుకునే సముదాయం ఉన్న ఆవాసమే గ్రామమంటుంది. ఒకే దేశం, రెండు అర్థాలు. మైదానంలో గవర్నరు చెబితే ఊరు, ఏజెన్సీలో జనం కూడితే ఊరు.

ఏజెన్సీలో పట్టణాల సంగతి మాత్రం ఎటూ కాకుండా ఉంది. మందమర్రి బొగ్గు గనుల మీద పెరిగిన పట్నం. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంది గనుక రాజ్యాంగంలోని మున్సిపాలిటీల భాగం దానికి నేరుగా వర్తించదు, 243-జెడ్‌సీ అడ్డు. వర్తింపజేసే బిల్లు 2001లో పార్లమెంటుకు వచ్చింది, చట్టం కాలేదు. అందువల్ల మందమర్రి మున్సిపాలిటీకి దశాబ్దాలుగా ఎన్నికలు లేవు. ఆఫీసు ఉంది, పన్నులున్నాయి, జనం ఎన్నుకున్న పాలకవర్గం లేదు. గ్రామసభా లేదు, కౌన్సిలూ లేదు. మా కంటే వాళ్ల స్థితి హీనం.

ఇంతవరకు చదివినవాళ్లు నన్ను పల్లెను దేవుడిగా కొలిచేవాడని అనుకుంటారేమో. అక్కడికే వస్తున్నాను.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ముసాయిదాను ప్రవేశపెడుతూ గ్రామాన్ని కడిగేశాడు. గ్రామం సంకుచితత్వానికీ అజ్ఞానానికీ మతతత్వానికీ నెలవన్నాడు, ముసాయిదా గ్రామాన్ని వదిలి వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషమన్నాడు. గాంధేయులు నొచ్చుకున్నారు. ఆ నెలలోనే సంతానం అనే సభ్యుడు తెచ్చిన సవరణతో పంచాయతీలు ఆదేశిక సూత్రాల్లోకి, ఇప్పటి 40వ అధికరణంలోకి చేరాయి. చదువుకునే రోజుల్లో నాకు అంబేడ్కర్ మాట కటువుగా అనిపించేది. బొడ్రాయి పండుగ చూశాక అంత కటువు కాదనిపించింది.

ఎందుకంటే పండుగ ముందు జరిగిన కూటమి ఎట్లా నడిచిందో చూశాను. అరుగు మీద కుల పెద్దమనుషులు కూర్చున్నారు. చందా ఎంత, బలి ఎన్ని, భోజనం ఎవరు వండాలి, అన్నీ అక్కడే తేలాయి. మాదిగవాడకు డప్పు పని చెప్పారు, మాలవాడకు వేరే పని చెప్పారు. చెప్పారు, అడగలేదు. ఆ వాడల నుంచి వచ్చినవాళ్లు అరుగు కింద నిలబడి విన్నారు. అరుగు మీద ఆడవాళ్లు ఒక్కరూ లేరు. ఆడబిడ్డలను వందల మైళ్ల నుంచి పిలిపించి ఒడిబియ్యం పోసిన పండుగలో ఒక్క ఆడబిడ్డను అభిప్రాయం అడగలేదు. రాత్రి అమ్మ కట్టులో అందరూ మనోళ్లే, నిజమే. పగలు అరుగు మీద మాత్రం కాదు.

మా వాడ నుంచి ఒకప్పుడు వార్డు మెంబరుగా గెలిచిన ఒకామె ఆ రోజు నా పక్కన నిలబడి మెల్లగా అంది.

"సార్, గ్రామసభల నేను లేచి మాట్లాడితే మీ కార్యదర్శులు పుస్తకంల రాసెటోల్లు. ఈడ నేను మాట్లాడితే ఎవలు రాస్తరు?"

ఆమె అన్న పుస్తకం తీర్మానాల పుస్తకం. ఆ మాటతో నా వాదమంతా తిరగబడింది. ఒక గ్రామసభలో ఆమే అడిగింది, వీధి దీపాల స్తంభాలు వాడ ముందుకొచ్చి ఎందుకు ఆగిపోయాయని. కిందామీదా పడి ఎవరో మాట దాటేయబోయారు. ఆమె వదల్లేదు, రాయమంది. అప్పటి కార్యదర్శి రాశాడు. రాసిన తర్వాత తప్పదు, వచ్చే సభలో జవాబు చెప్పాలి. దీపాలు వచ్చాయి. గ్రామసభలు అన్నీ అట్లా జరిగాయని నేను చెప్పను. కారోబారు ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించిన సభలే ఎక్కువ. కానీ ఒకరోజు ఒక మనిషి లేచి నిలబడాలనుకుంటే నిలబడే చోటు చట్టంలో ఉండేది. ఊళ్లో ఓటున్న ప్రతి మనిషీ ఆ సభకు సభ్యుడు, సభ్యురాలు. ఎవరూ నామినేట్ చేయనక్కరలేదు. 2018 చట్టం గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలని గట్టిగా చెప్పింది. చట్టం ఆ మాట చెప్పిన ఏడాదే మేము గ్రామం కాకుండా పోయాం.

మున్సిపాలిటీలో ఏముంది? 2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు పెట్టింది. యువకులకు ఒకటి, మహిళలకు ఒకటి, వృద్ధులకు ఒకటి, ప్రముఖులకు ఒకటి, ఒక్కోదానిలో 15 మంది. కౌన్సిలర్ పదవుల్లో రిజర్వేషన్లున్నాయి, మంచిదే. కానీ కమిటీలో ఉండాలంటే ఎవరో ఎంచాలి. చిన్నమ్మను ఎవరు ఎంచుతారు? వృద్ధుల కమిటీకి పోవాలంటే ముందు పలుకుబడి ఉన్న వృద్ధురాలు కావాలి. మోరి గురించి అడగాలంటే ఆమె ఆటో ఎక్కి సిరిసిల్ల పోయి, ఆఫీసు మెట్లెక్కి, ఎవరు ఏ సీటో కనుక్కుని, ఒంటరిగా దరఖాస్తు పెట్టుకోవాలి. పంచాయతీ ఉన్నప్పుడు పదిమంది ముందు అడిగేది. పదిమంది ముందు అడగడంలో సగం బలం ఆ పదిమందిదే.

ఇదంతా పాలన గొడవ, దీనిలో ధర్మం ఎక్కడుందని పండితులు అడగవచ్చు. ధర్మం ఇక్కడే ఉందని నా మాట. గుళ్లో దేవుడు, గెజిట్‌లో ప్రభుత్వం, నడుమ మనుషులు ఒకరికొకరు జవాబు చెప్పుకునే చోటు. ఆ మూడోదాన్ని మనం ఎప్పుడూ పవిత్రమని అనుకోలేదు, దానికి కుంకుమ పెట్టలేదు, అందుకే పోతే ఎవరూ ఏడవలేదు. బొడ్రాయి కోసం సూరత్ నుంచి వచ్చినవాళ్లు, గ్రామసభ పోయిన రోజున ఫోను కూడా చేయలేదు. ఊరంతా కూడే సందర్భం ఇప్పుడు మాకు పండుగ ఒక్కటే మిగిలింది. పండుగకు శక్తి ఉంది, ప్రేమ ఉంది, కిరాయి పిల్లగాణ్ణి కూడా కాచే పెద్ద మనసుంది. కానీ దాని అరుగు పాత అరుగు. పంచాయతీలకు బలమిచ్చిన రాజ్యాంగ 73వ సవరణ ఆ అరుగు మీదికి ఎక్కించినవాళ్లను విలీనం మళ్లీ కిందికి దించింది. అంబేడ్కర్ భయపడిన గ్రామం మిగిలింది, ఆయన రాజ్యాంగం దాన్ని బాగుచేసుకునేందుకు తర్వాత ఇచ్చిన పనిముట్టు పోయింది. పట్నంలో కలిస్తే కులం కరుగుతుందన్నవాళ్లు ఒకసారి మా వార్డుకు రండి. వాడ ఎక్కడుందో అక్కడే ఉంది, దానికిప్పుడు డోర్ నంబరు పొడుగైంది, అంతే.

అందుకని చిన్నమ్మతో తగాదాలో నా మాట కొంచెం మార్చుకున్నాను. దేవుడి ఊరు పోలేదు, రెవెన్యూ ఊరు పోలేదు. మనుషుల ఊరు పోయింది, లేదా పోయే దారిలో ఉంది. ఆమె దీనికి ఒప్పుకోలేదు. "పని పోయింది గదా, అది చెప్పు ముందు" అంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఏడాదికి 100 రోజుల పని పల్లె కుటుంబాలకే ఇచ్చింది. మా పొలాలు, మా కూలీలు, మా ఎండలు మారలేదు, పల్లె అన్న ముద్ర పోయింది, దాంతో పనీ పోయింది. మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మళ్లీ పంచాయతీలు చేయమని ధర్నాలు చేసింది ఆ పని కోసమే. ఆమె లెక్కలో ఊరంటే అడిగితే పని దొరికే చోటు. తత్వవేత్తలు ఈ నిర్వచనాన్ని పట్టించుకోలేదు, పట్టించుకుంటే బాగుండేది.

కలిపిన ఊళ్లను విడదీయమని నేను అడగను. నీళ్ల పైపు, చెత్త బండి, పట్నం దారి వద్దనేవాళ్లెవరూ మా ఊళ్లో లేరు, మళ్లీ పంచాయతీ చేస్తే ఆ పని ఎవరు చూస్తారో కూడా తెలియదు. అడిగేది ఒక్కటి. విలీనమైన ప్రతి ఊరికీ, ఓటున్న అందరూ సభ్యులుగా, రెండు నెలలకోసారి ఊళ్లోనే సభ పెట్టాలని మున్సిపల్ చట్టంలో రాయండి. కమిషనర్ రానక్కరలేదు, జవాబు చెప్పగల ఒక అధికారి, రాసుకునేందుకు ఒక పుస్తకం చాలు. ఆ సభను మా ఊళ్లో బొడ్రాయి దగ్గర, పెద్దమనుషుల అరుగు ముందు పెట్టకండి. బడి ఆవరణలో పెట్టండి. అక్కడైతే అందరూ నేల మీదే కూర్చుంటారు.